కోడిపిల్లల పార్సెల్

సారెల్ ఫోర్క్ పోస్టాఫీసు
మొక్కజొన్న గాదె కన్నా చిన్నది.
ఇద్దరు లోపలుంటే మూడోవాడు
వాన తగ్గేదాకా చూరు కిందే.

ఓర్ఫా కాలెట్
ముప్పై ఒక్కేళ్లు ఆ కిటికీ వెనక కూర్చుంది.
ఎవరి ఊపిరితిత్తుల పింఛను ఆగిందో
ఎవరికి కోర్టు కవరొచ్చిందో
కవరు మందం బట్టే ఆమెకి తెలుసు.
చదువు రానివాళ్లకి చదివిపెట్టేది,
చదివాక మర్చిపోయేది.
అదీ నా డ్యూటీయే అనేది.

ఏప్రిల్లో మాత్రం ఆఫీసంతా కిచకిచ.
మూత నిండా చిల్లులున్న అట్టపెట్టెల్లో
అయోవా నుంచి కోడిపిల్లలొచ్చేవి,
పెట్టెకి వంద,
దారిలో పోయేదాని కోసం ఇంకొకటి.
ఓర్ఫా నంబరు తిప్పి
రిసీవర్ని పెట్టె మీద ఆనించేది,
తను ఒక్క ముక్కా మాట్లాడకుండా.
అవతలివాళ్లు బూట్లు తొడుక్కునేవాళ్లు.

నేనప్పుడు కొండ మీద ఉండేవాణ్ని.
పేలుడు మందు లెక్క నాది, పద్నాలుగేళ్లు.
రోజూ సాయంత్రం నాలుగ్గంటలకి
బటన్ మీద నా బొటనవేలు.
కింద ఆమె తక్కెడ వణికేదట.
ఆ కాసేపూ ఏ ఉత్తరమూ తూచేది కాదట,
ఎవరి దగ్గరా ఒక్క పైసా ఎక్కువ తీసుకోకూడదని.
ఈ సంగతి చాలా ఏళ్లకి చెప్పింది నాకు,
నిష్ఠూరంగా కాదు,
అడిగితే టైమెంతయిందో చెప్పినట్టు.

బొగ్గయిపోయింది.
కంపెనీ గడ్డిగింజలు చల్లి తాళాలు తీసుకుపోయింది.
కొండ తలున్న చోట ఇప్పుడు చదును,
విమానం దిగేంత.
ఎక్కడినుంచో తెచ్చి వదిలిన పెద్ద కొమ్ముల దుప్పులు
అక్కడ మేస్తాయి,
వాటిని చూడ్డానికి బస్సుల్లో వస్తారు.
బడి మూసేశారు.
మేకపాల సబ్బు చేసుకుంటామని
సిన్సినాటి నుంచొచ్చిన జంట
గానిల వాళ్ల ఇల్లు కొనుక్కుంది.
వాళ్ల నాలుగేళ్ల పిల్ల
మా తాతల యాస మాకన్నా బాగా పలుకుతుంది.
నవ్వాలో ఏం చెయ్యాలో తెలీదు.

ఆ తర్వాత వాషింగ్టన్ నుంచి కాగితం.
మరీ తక్కువమంది వస్తున్నారట.
నిజమే, రావట్లేదు.

ఆఖరి రోజు మాత్రం అందరూ వచ్చారు,
ఎవరికి వాళ్లు ఉత్తరం రాసుకుని.
సారెల్ ఫోర్క్ అని గుండ్రంగా పడే ముద్ర
మరి దొరకదు కదా.
హోబర్ట్ నేపియర్ ఖాళీ కవరు తెచ్చాడు.
"ఏం రాయాలో తోచలేదు, ఓర్ఫా."
"ఖాళీకీ స్టాంపు అంతే" అంది,
ఉమ్మి తడితో అంటించి.

నా వంతు వచ్చింది.
కవరు ఆమె చేతికిచ్చాను.
తక్కెడ దాకా వెళ్లిన చెయ్యి
అక్కడే ఆగిపోయింది.
గోడ మీద నాలుగు.

కొండ పేలడం మానేసి ఆరేళ్లయింది.
అయినా ఆగింది.
వరసలో ఎవరూ కదల్లేదు,
హోబర్ట్ టోపీ తీశాడు ఎందుకో.
తక్కెడ పళ్లెం నిశ్చలంగా ఉంది.
నా బొటనవేలిని జేబులో దాచుకున్నాను.

తర్వాత ఆమె కవరు తూచింది.
ముద్ర గట్టిగా కొట్టింది,
బల్ల మోగేట్టు.

ఇప్పుడు ఈ లోయ టపా బండి నాదే.
కుడిపక్క సీట్లో కూర్చుని నడుపుతాను.
మొన్న వెనక సీట్లో ఒక పెట్టె,
మూత నిండా చిల్లులు.
పేరు చూశాను. ఓర్ఫా కాలెట్.
ఇన్నేళ్లూ ఊరందరి పెట్టెలూ మోసి
తన కోసం ఒక్కటీ తెప్పించుకోని మనిషి.

లోయలో ఫోన్ పలకదు.
సిగ్నల్ దొరికేది ఒక్క చోటే,
మేం చదును చేసిన చోట.
బండిని అక్కడిదాకా ఎక్కించాను.
దుప్పులు తలెత్తి చూశాయి.
నంబరు నొక్కి
ఫోన్ని పెట్టె మీద పెట్టాను,
ఒక్క ముక్కా మాట్లాడకుండా.

అటువైపు చాలాసేపు ఏమీ లేదు.
కుర్చీ జరిపిన చప్పుడు.
బూట్లు వెతుక్కుంటున్న చప్పుడు.

"ఎన్ని పోయాయి?" అంది.
మూత కాస్త ఎత్తి చూసి
"ఒకటి" అన్నాను.
"అయితే లెక్క సరిపోయింది.
పిల్లలకి చలేస్తుంది, కిటికీ అద్దం ఎత్తుకుని రా."